మేడగది తాళం

షాహిదా ఆ ఫోను ముందురోజు సాయంత్రమే చేసింది. కూతురు షిఫా పెరట్లో బట్టలు తీస్తుంటే, వంటగది తలుపు దగ్గరగా వేసి, ఘంటసాలలోని ప్రభావతి గారిని గొంతు తగ్గించి బతిమాలింది. రేపు వచ్చినప్పుడు పిల్లని మేడ మీదికి మాత్రం పంపొద్దని, తాళం పోయిందని చెప్పమని.

ప్రభావతి గారు షాహిదా దగ్గర ఏళ్లుగా కలంకారీ చీరలు కొంటున్న మనిషి. వాళ్ల పాత మండువా ఇంటిని వచ్చే వారం పడగొట్టి కొత్తది కట్టిస్తున్నారు. మేడగది గుమ్మం మీద చెక్కిన తీగల్నీ చిలకల్నీ కొలిచి, ఫోటోలు తీసి, కాలేజీ ప్రాజెక్టులో పెట్టాలని షిఫా ఒకటే కలవరింత. షాహిదాకి మాత్రం మేడ మీదికెళ్లే చెక్కమెట్లు తప్ప ఇంకేమీ గుర్తు లేదు. పోయినసారి చీరలివ్వడానికి వెళ్లినప్పుడు చూసింది. చెదలు పట్టి, ఒక మెట్టు పక్కకి వాలి ఉంది. ఆ రోజు నుంచి కళ్లు మూస్తే చాలు, కూతురు కింద పడి ఉన్నట్టే కనిపిస్తోంది.

పొద్దున బందరులో బస్సెక్కినప్పటి నుంచి షిఫా మాటలు ఆపలేదు. ఘంటసాలలో దిగి ముందు అక్కడి పాత బౌద్ధ స్తూపం చూశారు. ఇటుకల దిబ్బ చుట్టూ తిరుగుతూ, "నువ్వు నన్ను రానిస్తావనుకోలేదు అమ్మీ" అని చెయ్యి పట్టుకుంది. షాహిదా ముఖం పక్కకి తిప్పుకుంది.

ఇంటి దగ్గర ప్రభావతి గారు మజ్జిగిచ్చి, అనుకున్న అబద్ధం చెప్పేశారు. పశువుల్ని చూసే దైవాధీనం తాళం ఎక్కడో పారేశాడని సొంతంగా మరో ముక్క కూడా కలిపారు. బొడ్లో దోపిన తాళాల గుత్తి మీదికి ఆవిడ కొంగు లాక్కోవడం షాహిదా ఒక్కతే చూసింది.

షిఫా ముఖం వాడిపోయింది గానీ ఊరుకోలేదు. "ఇక్కడే ఎక్కడో ఉంటుంది మామ్మగారూ, నేను వెతుకుతాను. వచ్చే వారానికి ఆ గుమ్మమే ఉండదు కదా."

గూళ్లన్నీ తడిమింది. గాదె కిందకి దూరింది. ప్రభావతి గారు షాహిదా వైపు చూస్తే, షాహిదా మజ్జిగ గ్లాసులోకి చూసింది. చెప్పేద్దామని లేచింది. బిడ్డ ఏమనుకుంటుందోనని మళ్లీ కూలబడింది.

కాసేపటికి చూస్తే పిల్ల ఇంట్లో లేదు. పెరట్లో గడ్డివాము పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాము అడుగున మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతోంది. మేత తీసేటప్పుడు దైవాధీనం జేబులోంచి జారిందేమోనట.

షాహిదా పెరట్లోకి పరిగెత్తింది. ఈ పల్లెల్లో పాములు ఎక్కడ దూరతాయో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మెట్ల మీంచి పడుతుందని భయపడి, తనే తీసుకొచ్చి పాము పుట్టలో చెయ్యి పెట్టించినట్టయింది.

"తియ్యవే చెయ్యి. తాళం పోలేదు. నేనే అలా చెప్పమన్నాను."

షిఫా మెల్లగా చెయ్యి తీసి, గీసుకుపోయిన వేళ్లను చున్నీకి తుడుచుకుంది. కోప్పడినా బాగుండేది. "ఇంత పెద్దావిడ చేత అబద్ధం చెప్పించావా, అమ్మీ" అని మాత్రం అంది.

గుమ్మంలో నిలబడ్డ ప్రభావతి గారు గుత్తి బయటికి తీశారు. "తీసుకోమ్మా. పాపం ఆ దైవాధీనం మీద కూడా అనవసరంగా నింద వేశాను."

షిఫా అందుకునేలోపే షాహిదా తాళాలు లాక్కుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మెట్ల దగ్గరకు నడిచింది. బిస్మిల్లా అనుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా తన బరువంతా మోపి, తొక్కి చూసుకుంటూ ఎక్కింది. వాలిన మెట్టు కిర్రుమంటే ఆగి, దాన్ని దాటి పైదాని మీద కాలేసింది.

"అమ్మీ, పడతావు, దిగిపో" అంది కింద నుంచి షిఫా. ఆ మాట అచ్చం ఇందాక గడ్డివాము దగ్గర షాహిదా అరిచినట్టే ఉంది.

షాహిదా తాళం తీసింది. నెత్తి మీద దుమ్ము పట్టిన చిలకల్ని చూడనే లేదు. వెనక్కి తిరిగి, "గోడవైపు నుంచి రా. వాలినదాన్ని తొక్కకు" అంటూ చెయ్యి చాచింది.

షిఫా ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని ఎక్కి వచ్చింది. గుమ్మం మీది చిలకల దుమ్ము చున్నీతో తుడిచి, సంచిలోంచి కొలిచే టేపు తీసి, ఒక కొస తల్లి చేతికిచ్చింది. షాహిదా దాన్ని కదలకుండా పట్టుకుంది.