హీరోయిన్ తండ్రి వయసు

కత్తెరక్కకు ఆ రోజు పొద్దున్నించీ ఒళ్లు మండుతూనే ఉంది. పాత హిందీ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం ఆమె ఉద్యోగం. ఎంత పొడుగు డైలాగునైనా కత్తిరించి రెండు వరుసల్లో ఇమిడ్చేస్తుంది కనుక ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. వయసు నలభై ఏడు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు, ఉద్యోగం చేసుకుంటోంది.

తెర మీద హీరో మంచుకొండ ఎక్కుతూ హీరోయిన్ వెంట పడుతున్నాడు. ఆయాసం దాచుకోలేక పాటను ముక్కలు ముక్కలుగా పాడుతున్నాడు.

"ఈయనకు యాభై రెండు. ఆ పిల్లకు ఇరవై. పైగా ఈయన కాలేజీ కుర్రాడట! చంకలో పుస్తకాలు చూడు," అంటూ ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది.

పక్క కుర్చీలో ఉన్నది సౌండు ఇంజనీరు. పాత రీళ్లలోని గరగరలు తీసి శబ్దం శుభ్రం చేస్తాడు. అతనికి ముప్పై ఆరేళ్లు.

"హీరోయిన్ తండ్రి వేషం కట్టినాయన హీరో కన్నా ఆరేళ్లు చిన్న, మేడమ్. ఇప్పుడే ఫోన్లో చూశాను," అన్నాడు.

"అయ్యో రాత! ఆ తండ్రి ఈయన్ని 'బాబూ' అని పిలుస్తాడు. నేనేమని రాసి చావను?"

"'అన్నయ్యా' అని రాసెయ్యండి."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నవ్వు ఆగాక, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మాట అడిగేసింది.

"ఇక్కడ అందరూ నన్ను అక్కా అంటారు. నువ్వొక్కడివే రెండేళ్లుగా మేడమ్ మేడమ్ అంటావు. నేనంటే అంత కిట్టదా?"

"అక్కా అంటే తర్వాత ఇబ్బంది."

"ఏమిటంట ఇబ్బంది?"

"పెళ్లి చేసుకోమని అడగడానికి."

ఆమె గబగబా హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తెర వంక చూడసాగింది. సినిమా ఆగిపోయి ఉందని కాసేపటికి గానీ తెలియలేదు.

"నీకన్నా పదకొండేళ్లు పెద్దదాన్ని. జనం నవ్విపోతారు," అంది చివరికి.

"ముప్పై రెండేళ్ల తేడాకు హాలంతా ఈలలేశారు."

"అక్కడ పెద్దవాడు మగాడు కదా!"

"పొద్దున్నించీ మీరు తిట్టిపోస్తున్నది దాన్నేగా?"

ఆమె ఆగిన సినిమాను మళ్లీ నడిపించింది. కాదనలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. ఇంటికెళ్లి కూతురికి చెబితే, "అతని వయసు సరే, వాళ్లమ్మ ఎలాంటిదో కనుక్కో ముందు," అంది ఆ పిల్ల.

కనుక్కోనక్కర్లేకుండా ఆ తల్లే ఆదివారం వచ్చేసింది. నర్సుగా ఇంకా పని చేస్తున్న మనిషి. కూర్చుని, మంచినీళ్లు తాగి, నేరుగా విషయానికొచ్చింది.

"నాకు యాభై ఎనిమిది. వాడికీ నీకూ ఎంత తేడానో, నీకూ నాకూ అంతే."

కథ ముగిసిందనుకుంది కత్తెరక్క.

"నువ్వు నన్ను అత్తయ్యా అంటే నాకు ఒక్కసారిగా వయసు మీద పడుతుంది. పోనీ, వదినా అంటావా?"

"అప్పుడు మీ అబ్బాయి నాకు మేనల్లుడవుతాడండీ."

"అమ్మో, వద్దులే. అత్తయ్యనే ఖాయం చెయ్యి."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆవిడ గొంతు తగ్గింది. "మనవల్ని ఎత్తుకోవాలని ఉండేది. దాచడమెందుకు? ఆ మాట అన్నందుకు వాడు మూడు రోజులు నాతో పలకలేదు. పుట్టనివాళ్ల కోసం ఉన్నవాణ్ని దూరం చేసుకోవడం ఏం తెలివని నాకే అనిపించింది. వాడు మంచివాడమ్మా. కాస్త గురక పెడతాడు, అంతే."

కత్తెరక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్తూనే అతనితో చెప్పింది, "నాకు మోకాళ్ల నొప్పులు. కొండలెక్కి పాటలు పాడటం నా వల్ల కాదు."

"నాకు అసలు పాటే రాదు," అన్నాడతను. ఆ రోజు వాళ్లిద్దరూ చేసిన పనంతా మర్నాడు మళ్లీ చేయాల్సి వచ్చింది.

నోటీసు గడువు నెలా తీరగానే నలుగురూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా వరుసగా అందరి మొహాలూ చూసి, రిజిస్టరును కూతురి వైపు తిప్పి, "పెళ్లికూతురు ఇక్కడ సంతకం పెట్టాలి," అన్నాడు.

"నేను సాక్షినండీ. పెళ్లికూతురు మా అమ్మ," అంది ఆ పిల్ల.

గుమాస్తా ఎర్రబడిపోయి రిజిస్టరును ఇవతలికి జరిపాడు. కత్తెరక్క సిగ్గుపడలేదు. కళ్లజోడు సరిచేసుకుని, పెళ్లికొడుకు జేబులోని పెన్ను తనే లాక్కుని సంతకం పెట్టింది.