పక్క వీధి ఫోటో

మురుగు పొంగింది ఈ వీధిలో. ఫోటో తీయమన్నది పక్క వీధిలో.

"అక్కడ కాలవ శుభ్రంగా ఉంది. పార పట్టుకుని వంగు, సాయానికొచ్చిన నీ తోడికోడలు తీస్తుంది," అన్నాడు కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

తెల్లారకముందే పనిలోకి వస్తుందని ఆమెకి వీధివాళ్ళు పెట్టిన పేరు పొద్దుటక్క. కింద పైపు కూలిపోయింది, ఇది పారతో అయ్యే పని కాదు మొర్రో అని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. వంగింది. పనివాళ్ళ ఫోను నుంచి ఫోటో వెళ్తే చాలు, ఫిర్యాదు మూతపడుతుంది. గడపల ముందు నల్లనీళ్ళు అలాగే ఉన్నాయి, మునిసిపాలిటీ యాప్‌లో మాత్రం 'పరిష్కారమైంది' అని పచ్చగా వెలిగింది.

పాలన ప్రజల చేతిలో పెట్టామని ఊరంతా బోర్డులు కట్టారు. ప్రజల చేతికి వచ్చింది, పనెలా ఉందో చెప్పడానికి యాప్‌లో నొక్కే అయిదు స్టార్లు. వీధి వీధంతా మండిపడి ఒక్కటే నొక్కింది. అధికారికి బుద్ధొస్తుందనుకున్నారు పాపం. మళ్ళీ ఒక్క స్టారు పడితే పనిలోంచి తీసేస్తామని పొద్దుటక్కకి హెచ్చరిక వచ్చింది.

సాయంత్రం దర్జీ కొట్లో అందరూ చేరారు.

"ఆ దెబ్బ నీ నెత్తిన పడుతుందని మాకేం తెలుసమ్మా!" అన్నాడు దర్జీ. "ఈసారి అందరం అయిదు నొక్కుదాం."

"అయిదు నొక్కితే కాలవ బాగుందని మనమే ఒప్పుకున్నట్టు, బాబాయ్," అంది కాలేజీ పిల్ల. "మా చెల్లి విరేచనాలతో ఆస్పత్రిలో పడుంది."

"అయితే ఈవిణ్ణి రోడ్డున పడేద్దామా?"

మాటకి మాట పెరిగింది. గుమ్మంలో కూర్చున్న పొద్దుటక్కకి నడుము లాగేస్తోంది. మంచం పట్టిన మొగుడు కళ్ళముందు మెదిలాడు. ఈ పని పోతే ఇద్దరికీ ముద్ద ఉండదు. భయమేసింది. అంతకంటే ఎక్కువ విసుగేసింది.

"అయిదూ వద్దు, ఒకటీ వద్దు," అంది. "మీరూ మేమూ కొట్టుకు చావడానికే ఇచ్చారవి. ఇకమీదట ఉన్నది ఉన్నట్టే ఫోటో తీస్తాం. మా వాళ్ళంతా తీస్తారు. మీరు నొక్కడం మానేసి, కాళ్ళకి పనిచెప్పండి. నాతో రండి."

మర్నాడు మునిసిపల్ ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు అడ్డుకున్నాడు. "ఫిర్యాదులన్నీ యాప్‌లోనే!"

"దానికి వాసన తెలీదయ్యా," అంటూ దర్జీ పెళ్ళాం మురుగునీళ్ళ బిందె మెట్ల మీద దించింది.

పోలీసులొచ్చారు. ప్రభుత్వ పనికి అడ్డం పడిందని పొద్దుటక్కని వ్యానెక్కించారు. పొద్దుట్నుంచీ నిలబడే ఉందేమో, లోపల బల్ల మీద కూలబడితే సిగ్గులేకుండా హాయనిపించింది.

సూపర్‌వైజరు తోడికోడలి చేతిలో ఫోను పెట్టాడు. "పక్క వీధికి పరుగెత్తు. వీళ్ళు మళ్ళీ పెట్టిన ఫిర్యాదు మూసెయ్. ఈవిడ పని నీకే ఇప్పిస్తా."

తోడికోడలు ఫోను తీసుకుంది. ఊచల వెనక నుంచి పొద్దుటక్క చూసింది. దానికీ పిల్లలున్నారు, తను ఏమనగలదు?

తోడికోడలు పక్క వీధికి పోలేదు. వ్యాను దగ్గరికొచ్చింది.

"అక్కా, ఇటు చూడు."

తీసి, ఆ ఫిర్యాదుకి జవాబుగా యాప్‌లోకి పంపేసింది. జనం చేతుల్లో ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. ఊచల వెనక పొద్దుటక్క మొహం, కింద పచ్చగా 'పరిష్కారమైంది'.

ఎవరూ ఏమీ నొక్కలేదు. ముందు దర్జీ వెళ్ళి వ్యాను చక్రం ముందు కూర్చున్నాడు. ఆ పక్కన కాలేజీ పిల్ల. ఆ తర్వాత వీధంతా. పక్క వీధివాళ్ళు కూడా నడిచొస్తున్నారు.

"బండి తియ్!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.