తల్లిదండ్రుల గడి ఖాళీ

మిసెస్ వాన్ డోల్డర్ తన వంశం గురించి మొదలెట్టిందంటే లంచ్ సంగతి కూడా మర్చిపోతుంది. మూడు వందల ఏళ్ళ కిందట హాలెండ్ నుంచి ఓడెక్కి న్యూజెర్సీలో దిగిన హెండ్రిక్‌కి ఆవిడ పదో తరం మనవరాలట. ఆ వంశవృక్షాన్ని పుస్తకం వేయిస్తోంది. టైపు చేయడానికి కౌంటీ లైబ్రరీలో టెంపరరీగా ఉన్న రూతుని పెట్టుకుంది. లైబ్రరీ బోర్డులో ఆవిడ మాటకి తిరుగులేదు. పుస్తకం పూర్తయితే రూతు ఉద్యోగం పర్మనెంటు. మొగుడు సుందర్ రాజ్‌ని ఫ్యాక్టరీవాళ్ళు లేఆఫ్ చేసి అప్పటికి ఐదు నెలలు.

ఇంటర్వ్యూలో ఆవిడ కుటుంబం గురించి అడిగితే, "మా తాతమ్మ బ్రాహ్మిన్ లేడీ, మేడమ్. మిషనరీల దగ్గర కన్వర్ట్ అయింది" అని రూతు తడుముకోకుండా చెప్పేసింది. వాళ్ళ తెలుగు చర్చిలో సగం కుటుంబాలకి ఇలాంటి తాతమ్మ ఉంది. వాళ్ళందరినీ లెక్కేస్తే బందర్లో ఇక బ్రాహ్మలు మిగలరు!

ఆ రోజు హెండ్రిక్ భార్య మరియా వంతు వచ్చింది. పాత డచ్చి చర్చి రిజిస్టరు ప్రకారం పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు, పెద్దయ్యాక బాప్తిస్మం. తల్లిదండ్రుల గడి ఖాళీ.

"గొప్పింటి పిల్ల. లేచొచ్చేసింది. అందుకే పేర్లు దాచారు" అంది మిసెస్ వాన్ డోల్డర్ మురిసిపోతూ.

రూతుకి నవ్వాగలేదు. వాళ్ళ నాన్న బందర్లో పాస్టరు. శిథిలమైన పాత రిజిస్టర్లకి నకలు రాసింది తనే. పుట్టుకతో క్రైస్తవులైన వాళ్ళకి పసితనంలోనే బాప్తిస్మం అయిపోతుంది. పెద్దయ్యాక తీసుకునేది బయట నుంచి వచ్చిన వాళ్ళు. వాళ్ళలోనూ మాలపల్లె కూలి మనుషుల అమ్మానాన్నల పేర్లు ఏ దొరా అడిగిన పాపాన పోలేదు.

ఊరుకోవాల్సింది. ఊరుకుంటేగా!

"గొప్పింటి పిల్లయితే పేర్లు రాసేవాళ్ళే, మేడమ్. బహుశా ఆ రోజుల్లో ఇక్కడి డచ్చివాళ్ళు ఇంట్లో పెట్టుకున్న స్లేవ్ అయ్యుంటుంది."

ఆవిడ మొహం మాడిపోయింది. "నీకెలా తెలుసు?"

"మా తాతమ్మ ఎంట్రీ కూడా అచ్చం ఇలాగే ఉంది. నేనే కాపీ చేశాను."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మొహం చాటంత చేసుకుంది. "మీ తాతమ్మ బ్రాహ్మిన్ కదా! అంటే గొప్పింటి వాళ్ళ పేర్లే దాచేవారన్నమాట. రూతూ, నువ్వు ప్రూఫ్ తెచ్చావు! ఫుట్‌నోట్ పెట్టు, నీ పేరుతోనే."

కాదు మేడమ్, రిజిస్టర్లో నా చేత్తో పేరు రాసిన మా తాతమ్మ పోలమ్మ మోకాలిలోతు బురదలో నాట్లేసిన మనిషి, అంటే చాలు. ఆ మాట రూతు నాలుక చివరిదాకా వచ్చింది. సుందర్ రాజ్ గుర్తొచ్చాడు. సిగ్గేసింది. అబద్ధమాడినందుకో, పోలమ్మ మునిమనవరాలినైనందుకో తేల్చుకోలేక ఇంకా సిగ్గేసింది.

"మీ తాతమ్మ పేరేమిటి? అదీ వేద్దాం" అంది మిసెస్ వాన్ డోల్డర్.

"రికార్డులో లేదు, మేడమ్" అంది రూతు, టైప్‌రైటర్లోకి కొత్త కాగితం ఎక్కిస్తూ.