బెత్తెడు ఎడం

పెట్టెలో గుప్పెడు దాణా రాలింది. ఆవు మూతి లోపలికి పెట్టింది. పైనున్న ఫ్యాను దాని ఊపిరిని లాగేసుకుంది, తెరమీద అంకె పడింది. ఆ ఉదయానికి అది తొమ్మిదో ఆవు. అతను అంకె రాసుకుని, దాని వీపు తట్టి పంపించి, పదోదాన్ని రమ్మన్నాడు.

ఆవులు తేన్చినప్పుడు వదిలే గ్యాసును కొలవడం అతని ఉద్యోగం. తక్కువ వదిలేవాటిని తల్లులుగా ఉంచుకుని వాటి సంతతినే పెంచుతారు. మిగిలినవి మామూలు డెయిరీలకు వెళ్లిపోతాయి. తేన్పులు లెక్కపెట్టి జీతం తీసుకునేవాడు లోకంలో ఇతనొక్కడేనని పాలు పితికేవాళ్లు ఏడిపించి, ‘గ్యాసు మామ’ అని పేరు పెట్టారు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు. పదకొండేళ్లకు సొంతపేరుతో పిలిస్తే వెంటనే పలకడమే మానేశాడు.

పదో ఆవు చెవి బిళ్ల మీద మూడువందల పదిహేడు అని ఉంటుంది. దూడల షెడ్డులో పనిచేసిన అతని భార్య మాత్రం దాన్ని గారాలపట్టి అనేది. పుట్టిననాడు లేచి నిలబడలేని దూడను ఒళ్లో పెట్టుకుని, సీసాతో పాలుపట్టి బతికించింది. పాలయిపోగానే అది ఆమె నీలం ఏప్రన్ నాడా నమిలేది. ఆమె పోయి మూడేళ్లు. ఇప్పటికీ ఆ ఏప్రన్ కొక్కేనికి తగిలిస్తేనే ఈ ఆవు పెట్టె దగ్గరికి వస్తుంది, ముందు నాడా నమిలి, తర్వాతే దాణా ముడుతుంది. నిజం చెప్పాలంటే ఆ నమలడం చూడటానికే అతను రోజూ పనిలోకి వస్తున్నాడు. ఆమెను తనలాగే తలచుకునే ప్రాణి మరొకటి లేదు.

పశువుల డాక్టరమ్మ నవ్వుకుంటూ వచ్చింది. “మామా, మీ గారాలపట్టి గెలిచేట్టుంది! రెండు విడతల్లోనూ దీని గ్యాసే తక్కువ. ఇవాళ కూడా అలాగే వస్తే దీని పిండాలు తీసి, వేరే ఆవుల్లో పెట్టడానికి ముప్పై ఫారాలకి పంపుతాం.”

“ముప్పై ఫారాలకా?” అన్నాడతను.

ఆ రెండుసార్లూ అతను మెడ దగ్గరి అడ్డకమ్మీని బెత్తెడు వెనక్కి జరిపాడు. తల అంత ఎడంగా ఉంటే ఫ్యానులోకి బయటిగాలి చేరి అంకె పడిపోతుంది. ఒక్క ఆవు ఉండిపోతే ఎవరి కొంప మునుగుతుందిలే అనుకున్నాడు. ఇప్పుడా బెత్తెడు అబద్ధం ముప్పై ఫారాల్లో ఈనుతుంది.

కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బరువును బట్టే పాలు పోస్తారు కనుక, దూడ బరువు పావుకిలో తేడాగా తోచినా అతని భార్య మళ్లీ తూచేది. చాల్లే అని విసుక్కుంటే, “ఇవాళ తప్పు రాస్తే రేపది ఆకలితో ఉంటుందండీ” అనేది. ఆ మాట ఇంకొక్కసారి ఆమె నోట వినాలని ప్రాణం కొట్టుకుంది. కమ్మీని ముందుకు తోసి చీల బిగించాడు.

అంకె ఎక్కింది. ఎక్కుతూనే ఉంది.

“ఇదేంటి మామా, ఇంత వచ్చింది?”

“ఇదే నిజమమ్మా. ఆ రెండుసార్లూ కమ్మీ నేనే వెనక్కి జరిపాను.”

“ఎందుకు?”

“పంపేస్తారని.”

“ముందే నాకు చెప్పాల్సింది.”

“చెప్తే ఉంచేవారా?”

డాక్టరమ్మ ఏప్రన్ వంక చూసింది. పాత అంకెలు రెండూ కొట్టేసి, కొత్తది రాసుకుని వెళ్లిపోయింది. అతను పదకొండో ఆవును పిలిచాడు.

సాయంత్రం నాలుగింటికి ఆవుల్ని డెయిరీకి తీసుకెళ్లే బండి వచ్చింది. ఏప్రన్ చేతిలో పట్టుకుని ముందు నడిస్తే గారాలపట్టి బుద్ధిగా బండికి ఆనించిన పలక ఎక్కి, నాడా నోట పెట్టుకుంది. అతను ఏప్రన్‌ని బండి కమ్మీకి కట్టబోయాడు.

“గుడ్డలొద్దు మామా, దార్లో మింగిందంటే ప్రాణం మీదికొస్తుంది” అన్నాడు డ్రైవరు.

“అవునవును, నాకు తెలుసు” అన్నాడతను. భార్య ఉన్నా ఆ మాటే అనేది. నాడాను మెల్లగా ఆవు నోట్లోంచి లాగాడు. అది వదలడానికి కాసేపు పట్టింది.

బండి గేటు దాటి మలుపు తిరిగింది. అతను షెడ్డులోకి వచ్చి పెట్టె కడిగాడు, ఫ్యాను ఆపాడు, అలవాటుకొద్దీ ఏప్రన్‌ని కొక్కేనికి తగిలించాడు. నాడా కొస ఇంకా తడిగానే ఉంది.