గూడూరు మ్యాచికి ముందు సగం గుండు

గోవిందయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి ఆయన భార్యకు తెలుసు, తిరుపతిలో కొర్లగుంట వీధులన్నిటికీ తెలుసు, తిరుమల కల్యాణకట్టలో ఆయన ముందు తల వంచి కూర్చున్న భక్తులందరికీ తెలుసు. ఇరవై రెండేళ్లుగా అక్కడ గుండ్లు గీస్తున్నాడు. నెత్తిన నీళ్లు చల్లి, నుదుటి మీద బొటనవేలు ఆనించాడంటే ఇక నోరు తెరుచుకుంటుంది. భక్తుడిది ఏ ఊరైనా వినక తప్పదు. కత్తి కింద తల పెట్టినవాడు సగంలో లేచి ఎక్కడికి పోతాడు?

ఆయన చెప్పేదల్లా ఫుట్‌బాల్ గురించే. అందులోనూ ఒక్కటే జట్టు, కొర్లగుంట లెవెన్. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని ఒప్పుకోని ఊళ్లో, ఆటో తోలేవాళ్లూ పెయింటు పనివాళ్లూ కలిసి పెట్టుకున్న జట్టు అది. గోవిందయ్య జన్మలో బంతిని తన్నిన పాపాన పోలేదు గానీ, బయట ఊరి మ్యాచి ఒక్కటీ వదల్లేదు. వ్యానులో డ్రైవరు పక్క సీటు ఆయనదే. సాయంత్రం ప్రాక్టీసు దగ్గర కూడా గట్టు మీద ఆయనకో చోటుంది. తనను పన్నెండో ఆటగాడనుకుంటాడు. ఎవరూ కాదనలేదు కాబట్టి అది నిజమనే అనుకుంటాడు.

ఈ ఆదివారం గూడూరులో సెమీఫైనల్. గూడూరు పేరెత్తితేనే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికి నాలుగుసార్లు అక్కడికి వెళ్లారు. నాలుగుసార్లూ ఆట సమానంగా ముగిసి టైబ్రేకర్‌కు వెళ్లింది, నాలుగుసార్లూ పెనాల్టీల్లో ఓడి తలలు వేలాడేసుకుని వచ్చారు. అక్కడ గెలిచి, పాటలు పాడుకుంటూ తిరిగొచ్చే వ్యానులో ఒక్కసారైనా కూర్చోవాలని ఆయన కోరిక. ఈసారి తీరుతుందని నమ్మకం కూడా కుదిరింది. ఎందుకంటే ఈ ఏడాది గోల్‌పోస్టు ముందు గోలీగా మోహన ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు. వాడు చేతులు చాపితే గాలి కూడా లోపలికి పోదని గోవిందయ్య కనీసం వెయ్యి తలలకు చెప్పి ఉంటాడు.

శుక్రవారం పొద్దున కౌంటర్లో ఇచ్చిన టోకెనూ సగం బ్లేడూ పట్టుకుని ఎవరో వచ్చి ముందు కూర్చున్నారు. బ్లేడు అందుకుంటూ చూస్తే మోహన!

“రేయ్, నువ్వా! జొరమన్నారు గదరా? నిన్న ప్రాక్టీసుకు రాకపోతే నా పానం యాడుందో తెలీకుండా పోయింది.”

“తగ్గింది మామా,” అన్నాడు మోహన. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. టోకెను మీద పడింది గోవిందయ్య నంబరేనని ఇంకోసారి చూసుకుని, వేరే దారి లేనట్టు తల వంచాడు.

జట్టు గెలవాలని స్వామికి జుట్టు ఇస్తున్నాడన్నమాట! గోవిందయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇలాంటి కుర్రాడు ఉండగా గూడూరు ఎంత, గూడూరు జట్టెంత? నీళ్లు చల్లి, కత్తిలో బ్లేడు బిగించి, మొదలుపెట్టాడు.

“నిన్న నువ్వు లేవు గదా, సెప్తా విను. ఆదివారం మళ్లా టైబ్రేకరే అయితాది, రాసిపెట్టుకో. వాళ్ల గోలీ మన పాత వీడియోలన్నీ సూసినాడంట. మన కెప్టెన్ ఏబెల్, మిగతావాళ్లూ గోలీకి కుడి పక్కనే కొడతారని వానికి తెల్సు. అందుకే ఏబెల్ నిన్న మొత్తం మార్చేసినాడు. అయిదుగురూ గోలీకి ఎడమ పక్కకే, నేలబారుగా కొట్టాలంట. నా ముందరే సెప్పినాడప్పా! వాడు కుడిపక్కకి ఎగురుతాడు, బంతి ఎడమపక్క పోతాది. ఇంగ వాళ్లు కొట్టేవాట్లో నువ్వు రెండు ఆపితే సాలు. పనైపోయినట్టే.”

మోహన మెడ బిగుసుకుంది. “వొదిలెయ్ మామా, నాకు సెప్పొద్దు,” అన్నాడు.

“నీకు సెప్పకుండా ఎవురికి సెప్తానురా?”

కుడివైపు అంతా నున్నగా వచ్చింది. ఎడమవైపు జుట్టు చెవి మీద వేలాడుతోంది. అప్పుడు, ఇరవై రెండేళ్ల పనిలో ఒంటబట్టిన లెక్క ఒకటి గోవిందయ్య బుర్రకు తట్టింది. బిడ్డ పుట్టాక వస్తారు. రోగం నయమయ్యాక వస్తారు. కోరిక తీరాకే తల ఇస్తారు, తీరకముందే ఇచ్చేవాడు నూటికొకడు కూడా ఉండడు. మ్యాచి ఆదివారం. ఈరోజు శుక్రవారం.

“ఏం మొక్కురా ఇది?” అని అడిగాడు.

మోహన తల ఎత్తలేదు. “ఉద్యోగం మామా. అమ్మ మూడేండ్ల నుంచి మొక్కుతుండాది. వచ్చినాది.”

“మంచి మాట సెప్పినావు! యాడ?”

“గూడూరులో. నిమ్మకాయల మండీలో గుమాస్తా పని. ఆ మండీ నడిపే ఆయనదే గూడూరు జట్టు. ఆడేవాళ్లకే పని ఇస్తాడు. నిన్న సంతకం పెట్టినా. ఆదివారం ఆ పక్క గోల్‌లో నిలబడేది నేనే.”

గోవిందయ్య చెయ్యి ఆగిపోయింది. చుట్టూ గోవింద నామాలు, పిల్లల ఏడుపులు, బక్కెట్ల చప్పుడు. ఏదీ చెవికెక్కలేదు. వాడు పోతున్నాడన్నది ఒక దెబ్బ. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది, అది నెమ్మదిగా తగిలింది. అయిదు పెనాల్టీలూ ఏ పక్కకు కొడతారో అవతలి గోలీకి ఇప్పుడే తన నోటితో తానే చెప్పాడు.

“ఏబెల్‌కి తెల్సా?”

“బుధవారమే సెప్పినా. నీకు సెప్పే దైర్నం రాలే మామా.”

అలాగే వదిలేసి లేచిపోదామా అనిపించింది. సగం గుండుతో దర్శనానికి పోనీ, సగం గుండుతోనే గూడూరు గోల్‌లో నిలబడనీ! కానీ ముందున్నది మొక్కుకున్న తల. వాళ్లమ్మ వరదమ్మ హోటల్లో గిన్నెలు తోముతూ మూడేళ్లు మొక్కిన మొక్కు. గోవిందయ్య పళ్లు బిగబట్టి, ఒక్క గాటు కూడా పడకుండా మిగతా సగం గీశాడు. ఆయన ముందు మాటా పలుకూ లేకుండా తయారైన గుండు, సగమే అయినా, మొదటిది అదే కావచ్చు.

“నువ్వు సెప్పింది నేను ఆడ ఎవురికీ సెప్పను మామా. అమ్మ తోడు,” అన్నాడు మోహన లేస్తూ.

“నువ్వు సెప్పాల్సిన పనేముందిరా? బంతి ఆపేది నువ్వే గదా!”

మోహన స్నానానికి వెళ్లాడు. గోవిందయ్య పక్కవాడికి చెప్పి బయటికొచ్చి, జట్టు కెప్టెన్ ఏబెల్‌కు ఫోన్ చేశాడు. జరిగిందంతా కక్కేశాడు. “నా నోరు పడిపోను. తప్పైపోయింది అబ్బా. ఏమన్నా మార్చండి, ఇంగా రెండు దినాలుండాది,” అని బతిమాలాడు.

అవతల ఏబెల్ నవ్వాడు.

“మార్చేదానికేం లేదన్నా. మేము కుడి పక్కకే కొడతాం.”

“మరి నిన్న ఎడమ పక్కకని...”

“నీ ముందర కావాల్నే అన్నాము. వాడు పోతాండాడని తెల్సు, మేం ఏ పక్క కొడతామో వానికి తెల్సు. అందుకే మార్చినామని గూడూరుకు తెలియాల. నీకు సెప్తే ఊరందరికీ సెప్పినట్టే గదా! గూడూరోళ్లు దినామూ కొండకొస్తానే ఉంటారు, ఎవురి సెవిలోనన్నా పడతాదనుకున్నాం. నువ్వు నేరుగా వానికే సెప్తావని అనుకోలేదన్నా. శానా మంచిదైంది.”

గట్టు మీద చోటు, వ్యానులో ముందు సీటు, పన్నెండో ఆటగాడు. ఇన్నేళ్లూ తాను వాళ్లలో ఒకడినని అనుకున్నాడు. వాళ్లేమో తనను మైకు కింద లెక్కేసుకున్నారు. జట్టుకు మంచే జరిగింది, సంతోషపడాలి. పడలేకపోయాడు.

“అన్నా, ఉన్నావా? ఒక్క మాట. వానికి మాత్రం ఇది తెలియనీకు. ఈ ఒక్కసారికి నోరు కట్టుకో. గూడూరులో గెలుస్తాం.”

ఫోన్ జేబులో పెట్టుకునేసరికి మోహన ఎదురుగా ఉన్నాడు. తడి గుండు ఎండలో మెరుస్తోంది. ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

“కోపం పెట్టుకోవద్దు మామా. మండీ ఆయన తొలి మ్యాచి సూసి, ఆ తర్వాతే పని ఖాయం చేస్తానన్నాడు. నువ్వు సెప్పింది మర్సిపోదామని సూస్తాండా, ఐతాండ్లే. బంతి వస్తే నా ఒళ్లే ఎడమపక్కకి పోతాది. ఏం సేసేది సెప్పు?”

వీడు ఎడమవైపు దూకుతాడు. అయిదుసార్లూ దూకుతాడు. బంతి అయిదుసార్లూ కుడివైపు నుంచి లోపలికి పోతుంది. మండీ ఆయన కుర్చీలో కూర్చుని చూస్తాడు. కొర్లగుంట గెలుస్తుంది, వ్యానులో పాటలు పాడతారు, తనూ పాడతాడు. సోమవారం వరదమ్మ మొక్కు ఏమవుతుంది?

చెప్పాల్సింది రెండే ముక్కలు. నాలుక చివరిదాకా వచ్చాయి. ఎవరూ అడగకపోయినా అన్నీ చెప్పే నోరు, అడిగిన వాడి ముందు తెరుచుకోలేదు.

“గంధం పూసుకోరా. ఎండకు తల మండుతాది,” అన్నాడు గోవిందయ్య.

మోహన నవ్వి, తల తడుముకుంటూ గంధం అమ్మేచోటుకు నడిచాడు. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే చెప్పేద్దామని గోవిందయ్య అక్కడే నిలబడ్డాడు. మోహన తిరగలేదు.