కళ్లం పక్క దారి

"అధ్యక్షరు ఉండారా?" అని గుమ్మంలో ఎవరైనా అడిగితే మా అత్త పద్మావతమ్మ నా భర్త తిరుమలేష్‌ను కేకేస్తుంది. పంచాయతీ అధ్యక్షురాలిగా ఎన్నికైంది నేను. నేను అప్పుడు వచ్చినవాళ్లకు టీ వడపోస్తూ ఉంటాను.

కర్ణాటకలో కంప్లి దగ్గరి ఈ క్యాంపుకు మా తాతలు కోస్తా నుంచి వరి కోసం వచ్చారు. ఇక్కడివాళ్లు పరాయివాళ్లన్నారని ఇంకా నొచ్చుకునే మావాళ్లే, నాట్లేసే కూలీలు మా కళ్లం పక్కన నడవకూడదని కంచె వేశారు. వాళ్ల కాలనీ నుంచి రోడ్డుకు ఊరుమ్మడి దారి అదొక్కటే. పెళ్లికి ముందు కూలి రేట్ల కోసం ఆ ఆడవాళ్లతో తాలూకా ఆఫీసు ముందు కూర్చున్నాను కదా, సీటు ఆడవాళ్లకు రిజర్వు కాగానే మా ఆయనే నన్ను నిలబెట్టాడు. కాలనీ ఓట్లు నావి, పూలదండ ఆయనది.

పోయిన వానల్లో కాలనీ హనుమమ్మ కోడలు రూపశ్రీని నొప్పులతో చుట్టు తిరిగి కాలువగట్టు మీద మోసుకెళ్లారు. అక్కడే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. కంచె తీద్దామన్నాను. "సంతకం చేసేది నీ పని. మిగతాది నాకిడువు" అన్నాడు మా ఆయన. "కాలనీవాళ్లు తొక్కితే కళ్లంలో లక్ష్మి నిలుస్తాదా?" అంది అత్త. ఆ రాత్రి వాళ్లకు నేనే వడ్డించాను. అన్నం సహించింది ఇద్దరికీ.

ఈరోజు గ్రామసభ. నా కుర్చీలో ఆయన. బస్టాండు దారిలోకి జరిగిన హొన్నప్ప అంగడిని కొట్టించాలని ఆయన పంతం. పగ వచ్చే మాట పెళ్లాం నోట పలికించడం మా ఊరి మగవాళ్ల తెలివి. ఏం చెప్పాలో ఇంట్లోనే నేర్పించి తెచ్చాడు.

"దారికడ్డం ఎవురిదున్నా సరే, రేపు జేసీబీ వస్తాది. మొదలు యాడికో మా అధ్యక్షురాలే చెప్తాది. ఆమె మాటే పంచాయతీ మాట" అని మైకు నా చేతికిచ్చాడు.

"నోరు తెచ్చుకున్నావా తల్లీ, ఇంటికాడ పెట్టొచ్చినావా?" అంది హనుమమ్మ. ఆడవాళ్లు నవ్వారు. పక్కనున్న రూపశ్రీ నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు.

నేను పంచాయతీ అధికారి వైపు తిరిగాను. "రాసుకోండి సార్. మొదలు మా కళ్లం కంచె. హొన్నప్పది తర్వాత. జేసీబీ ముందు నడిచి దారి మా ఆయనే చూపిస్తాడు."