పేరు తేలని బూజు

ఫిషింగ్ హార్బర్ వెనక బోట్లు రిపేరు చేసే చోట నేల ఏళ్ల తరబడి డీజిలు తాగి నల్లబడిపోయింది. గడ్డిపోచ కూడా మొలిచేది కాదు. నీలిమ తన పరిశోధన కోసం ఆ మట్టిని యూనివర్సిటీ ల్యాబుకు పట్టుకెళ్తే, అందులోంచి ఒక పచ్చటి బూజు బయటపడింది. డీజిలు తప్ప మరో తిండి పెట్టకపోయినా ఏపుగా పెరిగింది.

అది ఏ రకమో తేల్చడమే చిక్కయింది. శిలీంధ్రాలు జతకూడి బీజాలు కట్టే తీరును బట్టి వాటికి కులగోత్రాలు చెప్పేవారు. ఇది జతకూడగా ఎవరూ చూడలేదు. పోగుల కొసల్లో పొడిలాంటి బీజాలు రాల్చుకుంటూ ఒంటరిగానే వంశం పెంచుకుంటుంది. ఇలాంటివాటిని పాతకాలం వాళ్లు ‘అసంపూర్ణ శిలీంధ్రాలు’ అని ఓ మూలకు నెట్టారు. ఆ మాట నీలిమకు నచ్చేది కాదు. మన కంటికి కనబడకపోతే లోపం దానిదెలా అవుతుంది అనుకునేది. చివరికి బీజాల ఆకారం చూసి, హాని చేయని రకమేనని ఆమే, ఆమె గైడు భీమశంకరరావు గారూ అనుకున్నారు.

ఆ బూజును తవుడులో పెంచి నేలలో కలిపారు. వానాకాలం గడిచేసరికి కంపు తగ్గింది. అక్కడక్కడా గరిక లేచింది. పక్కనే ఎండుచేపలమ్మే అప్పాయమ్మ సంబరపడిపోయింది.

“నేల బాగుసేసేసినావమ్మా! ఇంక సేపలు ఇక్కడే ఎండేసుకుంతాను.”

నీలిమ నవ్వి ఊరుకుంది. వద్దనలేదు.

తర్వాత జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. ఆ బూజు, వేరుశనగ గింజల్లో విషం చేర్చే బూజుకు దగ్గరి చుట్టం.

“చుట్టమైతే మాత్రం విషం చేస్తుందనేముందమ్మా? ఇంకో పరీక్ష చేద్దాం. అందాకా ఎవరితోనూ అనకు, హడలిపోతారు,” అన్నారు భీమశంకరరావు గారు.

“అందాకా ఆవిడ చేపలు ఎండేస్తూనే ఉంటుంది కదండీ.”

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “వెళ్లి చెప్పు. నేను కూడా చెప్పమన్నానని చెప్పు.”

నీలిమ వెళ్లేసరికి నేల నిండా కవ్వళ్ల చేపలు పరిచి ఉన్నాయి. సంగతి విని అప్పాయమ్మ మొహం మాడిపోయింది.

“నువ్వే కదేటి బాగుసేసినావు? ఇప్పుడొచ్చి విసమంటావేటి?”

“విషం ఉందని కాదమ్మా. లేదని చెప్పలేకపోతున్నాను.”

“మరి ఆవేళ నవ్వినావెందుకు?”

అప్పాయమ్మ కాసేపు తిట్టింది. ఆపైన తనే వంగి చేపలన్నీ తట్టలోకి ఎత్తింది. “తినేవోళ్లు నన్నే కదా నమ్ముకున్నారు,” అని, వాటిని ఎవరూ తినకుండా గొయ్యి తీయించి పూడ్పించింది.

కొన్ని వారాలకు రెండో పరీక్ష ముగిసింది. ల్యాబులో ఆ బూజు విషం చేయలేదు. నీలిమ మళ్లీ హార్బరుకు వెళ్లింది. ఆ నేల మీద ఇప్పుడు వలలు ఆరుతున్నాయి.

“మరైతే ఎండేసుకోనా?” అడిగింది అప్పాయమ్మ.

“వద్దమ్మా. ల్యాబులో చేయలేదు, అంతే. ఈ ఎండలో, ఈ ఉప్పుగాలిలో ఏం చేస్తుందో నాకు తెలీదు.”

“తెలీదని సెప్పడానికి ఇంత దూరమొచ్చినావా?”

“అవును.”

అప్పాయమ్మ ఆమెకేసి తేరిపార చూసింది. పక్కనున్న తట్ట జరిపి, “కూకో. టీ తాగెల్దువు గాని,” అంది.